పచ్చ పెంకుల సైకిల్ స్టాండు

ఔలాద్ మన్సూర్,
1998 మే 6

కెల్లూ, నా తల్లీ,

నువ్వు బాగున్నానని రాశావు. మంచిది. మేం బాగున్నామని నేను రాయలేను, ఏమనుకోకు. తమ్ముడు పోయాక ఆ మాట నా చేతికి రావడం లేదు. నా రాత కోడి గీకినట్టు ఉంటుందని నవ్వేదానివి కదా, ఇప్పుడు ఇంకా పాడైంది. చెల్లి సుకైనా తను రాసిపెడతానంది. వద్దన్నాను. నీతో నేనే మాట్లాడుకోవాలి.

చెల్లిని బడి ఎందుకు మాన్పించావని అడిగావు. ఎందుకేమిటే? బడి ఇక్కడుందా? నడిస్తే గంట పైనే ఎండలో పోతుంది. సైకిలు మీదే వెళ్లాలి. సైకిలేమో గేటు లోపలికి రానివ్వరు, రోడ్డు పక్క గోడకి ఆనించి పోవాలి. తమ్ముడు ఇద్రీస్ అలాగే ఆనించి వెళ్లాడు. ఎవడో తన సైకిలు తోసుకుపోతుంటే తరగతి కిటికీలోంచి చూశాడట. పంతులుగారిని అడగలేదు, పుస్తకం మూయలేదు, ఒక్క పరుగున రోడ్డు మీదికి వచ్చాడు. ఇటుకల లారీ వాడు మాత్రం ఏం చేస్తాడు? వాణ్ణి తిట్టుకుందామన్నా నోరు రావడం లేదు. వాడు కూడా రోడ్డు మీద కూర్చుని ఏడ్చాడంట.

సుకైనా సైకిలుకి గొలుసు వేసి కోళ్లగూటి పక్కన కట్టేశాను. పిల్ల ఏడుస్తోంది. ఏడవనీ. ఏడ్చే పిల్ల కళ్ల ముందుంటుంది.

మీ కట్టడాల ఆఫీసు పెద్దాయన ఒప్పుకున్నారని, మన బడికి సైకిల్ స్టాండు నువ్వే గీసి ఇస్తానని రాశావు. హెడ్మాస్టరు సీ జిలాలీ ఇంటికొచ్చాడు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని తల ఎత్తకుండా అన్నాడు, "గేటు లోపలే చోటిస్తాను లల్లా రుకైయా. మీ అమ్మాయి బాగా గీయాలి. పశువుల కొట్టంలా ఉంటే మాత్రం ఒప్పుకోను, బడికి అది ముఖం లాంటి చోటు."

"మా వాడు బతికుండగా ఆ చోటు ఎక్కడికి పోయింది సీ జిలాలీ?" అన్నాడు మీ నాన్న. హెడ్మాస్టరు గ్లాసు కింద పెట్టేసి వెళ్లిపోయాడు. టీ సగం అలాగే ఉండిపోయింది.

నాకు రెండే కావాలి. దొంగ చెయ్యి దూరకూడదు. ఎత్తు గోడలు కట్టించు, ఇనుప తలుపు పెట్టించు. ఇంకోటి, వాడి పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి. అలా కడితే పిల్లని పంపే సంగతి అప్పుడు చూస్తాను. కట్టకపోతే అది నా దగ్గరే ఉంటుంది, చదువు లేకపోతే లేకపోయింది.

మీ అమ్మ


రబాత్,
1998 మే 24

అమ్మా, నీ చేతులకి ముద్దులు.

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. కోడి గీతలే నాకు ఇష్టం.

బొమ్మ ఇందులో పెట్టాను. నీకు అర్థం కాకపోతే చెల్లి చెబుతుంది. ఎత్తు గోడలు వద్దమ్మా. ఎత్తు గోడ వెనక దొంగ తీరిగ్గా కూర్చుని పని చేసుకుంటాడు. ఆడపిల్లలు ఒంటరిగా లోపలికి వెళ్లడానికీ అది మంచిది కాదు. గోడ నడుమెత్తు ఉంటే చాలు, పైన స్తంభాలు, వంపులు. ఏ తరగతి కిటికీలోంచి చూసినా ప్రతి సైకిలూ కనబడాలి. నలుగురి చూపు ఉన్న చోట దొంగ నిలబడడు. మన ఇంట్లో అప్పుడు చూసేవాళ్లు ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

నేలలో ఇనుప గొట్టాలు వంచి పాతిస్తాను, గుర్రపు నాడాలు నిలబెట్టినట్టు ఉంటాయి. సైకిలుని వాటికి కట్టాలి. చక్రాన్ని ఒక్కదాన్నే కడితే చక్రం వదిలేసి మిగతాది పట్టుకుపోతారు. అందుకని ఫ్రేముకీ చక్రానికీ కలిపి గొలుసు వెయ్యాలి. ఎండకి టైర్లు పగులుతాయి కాబట్టి కప్పు తప్పదు. నాలుగు వైపులా వాలుగా పెడుతున్నాను, వాన నీళ్లు నిలవవు. ఇక్కడ ఒక పెద్ద కట్టడంలో ఆకుపచ్చ పెంకులు మిగిలిపోతే మా పెద్దాయన మనకి ఇప్పించారు. అద్దంలా మెరుస్తాయి. గోడలకి తెల్ల సున్నం, పైన పచ్చ పెంకు. ఇంక సీ జిలాలీ గారు పశువుల కొట్టమని ఎలా అంటారో చూస్తాను.

తమ్ముడి పేరు ఒక పలక మీద రాయించాను. లోపలికి వెళ్లే వంపు మీద మేస్త్రి అతికిస్తాడు.

సెప్టెంబరుకి అయిపోతుంది. చెల్లిని పంపుతానని మాటివ్వు అమ్మా. నాకు వేరే జీతం అక్కర్లేదు.

నీ కెల్తూమ్


ఔలాద్ మన్సూర్,
1998 సెప్టెంబరు 12

కెల్లూ,

వేసవంతా నీకు రాయలేదు. కోపం వచ్చింది, అందుకే రాయలేదు. చూసేవాళ్లు ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని రాశావు. ఎవరు చూడాలి? నేనా? పొద్దున్నే రొట్టె కట్టిచ్చి, మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. మలుపు అవతల తల్లి చూపు వెళ్లదే. అది నీకు తెలియదా?

సరే. కట్టడం గురించి రాయాలి. బీహి మేస్త్రి మొన్న పెంకులు పరిచేశాడు. నేను చూడటానికి వెళ్లాను. దూరం నుంచే ఎండలో అది కనబడింది. తెల్లగా, పైన పచ్చగా, ఆ ఎర్రమట్టి గోడల మధ్య ఎవరో కడిగి పెట్టినట్టుంది. వంపు మీద వాడి పేరు. "ఇన్ని ఇళ్లు కట్టాను లల్లా, దీని కప్పు వేసే రోజు మాత్రం స్నానం చేసి రావాలనిపించింది" అన్నాడు బీహి.

పక్కింటి లల్లా ముబారకా నాతో వచ్చింది, మోకాళ్ల నొప్పులతోనే. గేటు దగ్గరే చెప్పులు విప్పేసింది. గోడ ముద్దు పెట్టుకుంది. "రుకైయా, నీ కొడుక్కి దర్గా కట్టించావే!" అంది.

"సైకిల్ స్టాండు లల్లా" అన్నాను.

"ఛ, నోర్ముయ్. సైకిళ్లకి ఎవరన్నా పచ్చ పెంకులు వేస్తారా? అవి వలీల దర్గాలకే. అన్యాయంగా పోయిన పిల్లాడు, పుణ్యాత్ముడు. పేరు కూడా రాసి ఉంది. నాకు నేర్పకు."

కొవ్వొత్తి తెచ్చింది కూడా. వెలిగించి ఆ ఇనుప గొట్టం పక్కన పెట్టింది. వెలుగుతుంటే బాగుంది.

సుకైనాకి దగ్గుగా ఉంది. తగ్గాక చూద్దాం.

మీ అమ్మ


రబాత్,
1998 అక్టోబరు 3

అమ్మా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నేను నీ గురించి రాయలేదు. మన ఇంట్లో అన్నాను కానీ, ఆ పూట బడి గోడ దగ్గర మనవాళ్లు ఒక్కరన్నా ఉంటే బాగుండేదని నా బాధ. ఇక్కడ రబాత్‌లో కూర్చున్న నన్ను నేనే తిట్టుకుంటూ రాశాను. నీ చూపు గురించి అనడానికి నాకు నోరెలా వస్తుంది?

లల్లా ముబారకా మాటలు మా ఆఫీసులో చదివి వినిపించాను. ఒకటే నవ్వులు! ఆవిడకే నచ్చిందంటే ఇంక ఈ లోకంలో ఎవరికైనా నచ్చినట్టే. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పు. పిల్లలు వాడుతున్నారా? చోటు సరిపోతోందా? గొట్టాలు కదులుతున్నాయా? గొలుసు ఫ్రేముకే వేస్తున్నారా? చెల్లి దగ్గు తగ్గిందా, వెళ్తోందా? ఒక్కోదానికి ఒక్కో ముక్క రాసినా చాలు.

నీ కెల్తూమ్


ఔలాద్ మన్సూర్,
1998 నవంబరు 6

కెల్లూ, నా బంగారూ,

నువ్వు నన్ను అనలేదని తెలిసి మనసు కుదుటపడింది. ఇంక ఆ మాట ఎత్తను.

నీ కట్టడం ఖాళీగా ఉండటం లేదమ్మా. ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు. శుక్రవారం అయితే కూర్చోవడానికి చోటు దొరకదు. పక్క ఊళ్ల నుంచి కూడా వస్తున్నారు. నేను కుస్కుస్ వండి పెద్ద పళ్లెంలో పట్టుకెళ్తాను, తలా ఒక ముద్ద తిని వాడి పేరున దువా చేస్తారు. అక్కడ కూర్చుంటే గుండె బరువు దిగుతుందని అందరూ అంటున్నారు. నాకూ అంతే. సమాధుల దగ్గరికి వెళ్తే మట్టి తప్ప ఏమీ కనబడదు. ఇక్కడ చల్లగా, నీడగా, వాడు నా పక్కనే కూర్చున్నట్టుంటుంది. కట్టిన నీ చేతులు చల్లగా ఉండాలి.

గొట్టాలు గట్టిగానే ఉన్నాయి.

సుకైనాకి ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఆలివ్ పళ్లు రాల్చే పని కూడా ఉంది కదా, నాకు సాయంగా ఉంది. తొందరేముంది?

మీ అమ్మ


రబాత్,
1998 నవంబరు 22

అమ్మా,

కూర్చోవడానికి చోటు లేదా! పిల్లల కోసం ఎదురుచూసే తల్లులు ఉంటారని నాకు తట్టనేలేదు చూడు. గోడ పొడవునా ఒక అరుగు గీసి పంపుతాను, బీహి మేస్త్రికి చెప్పి కట్టించు. సైకిళ్ల మధ్య కూర్చుని కుస్కుస్ తింటున్నారంటే భలేగా ఉంది. చేతులకి గ్రీజు అంటదా?

మా పెద్దాయనకి నీ ఉత్తరం చదివి చెప్పాను. ఇంకా రెండు బడులకి ఇలాంటివే గీయమన్నారు. తమ్ముడి వల్ల ఎంతమంది పిల్లల సైకిళ్లు భద్రంగా ఉంటాయో అనుకుంటే నాకు రాత్రి నిద్రపట్టలేదు.

కాని చెల్లికి ఇంత కాలం దగ్గేమిటమ్మా? డాక్టరుకి చూపించావా? నువ్వు ఏదో దాస్తున్నావని నా భయం. పిల్లకి ఏమన్నా పెద్ద జబ్బు అయితే నాకు చెప్పెయ్యి, నేను వచ్చేస్తాను.

నీ కెల్తూమ్


రబాత్,
1998 డిసెంబరు 9

అమ్మా,

నీ జవాబు కోసం ఆగలేక రాస్తున్నాను. సీ జిలాలీ గారు ఆఫీసుకి ఫోన్ చేశారు.

నా స్టాండులో ఒక్క సైకిలు కూడా లేదట. బడి తెరిచిన రోజు నుంచీ లేదట. గొట్టాల మీద మైనం కరిగి గడ్డకట్టిందట, మొక్కుల గుడ్డపీలికలు కట్టారట. పిల్లలు దాని ముందు చెప్పులు విప్పి దాటుతున్నారట. లోపల సైకిలు పెడితే జ్వరం వస్తుందని ఎవరో పుట్టిస్తే అందరూ నమ్మారట. సైకిళ్లన్నీ ఆ రోడ్డు గోడకే ఉన్నాయట, ఎప్పటిలాగే.

"మరి మీరెందుకు ఊరుకున్నారు?" అని గట్టిగా అడిగాను.

"పిల్లాణ్ణి పోగొట్టుకున్న తల్లి కూర్చుని ఉంటే, లేవమ్మా అని ఏ నోటితో అనను?" అన్నారు.

నిన్న ఆ గోడ దగ్గరికి మళ్లీ దొంగ వచ్చాడట. ఒకమ్మాయి తన సైకిలు కోసం వెంటపడి రోడ్డు మీదికి పరిగెత్తిందట. లారీ అతను ఎలాగో ఆపగలిగాడు. ఆ అమ్మాయి ఎవరని నేను అడగలేదు. అడగాలంటే భయమేసింది.

కూర్చోవడానికి చోటు లేదని నువ్వు రాస్తే అరుగు గీశాను నేను. పిచ్చిదానిలా నలుగురికీ చదివి వినిపించాను. అమ్మా, నేను దర్గా కట్టలేదు. తమ్ముడిలా ఇంకో బిడ్డ రోడ్డు మీదికి పరిగెత్తకూడదని కట్టాను. నువ్వు రోజూ అక్కడ కూర్చుని ఆ పిల్లల్ని రోడ్డు మీదికి పంపుతున్నావు. ఈ మాట రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాస్తున్నాను.

పెంకులు పీకించి రేకులు వేయిస్తాను. సున్నం మీద మట్టి రంగు పూయిస్తాను. పలక కూడా తీయిస్తాను. నీకు కోపం వస్తే రానీ. నాకు ఉత్తరం రాయకపోయినా సరే, చెల్లిని మాత్రం బడికి పంపు.

కెల్తూమ్


ఔలాద్ మన్సూర్,
1998 డిసెంబరు 18

కెల్లూ, నా తల్లీ,

పెంకుల జోలికి వెళ్లకు. రేకులు వేస్తే ఎండాకాలం కింద నిలబడ్డ పిల్లలు మాడిపోతారు. ముందు ఈ మాట రాసేశాను, మిగతాది నిదానంగా రాస్తాను.

నీ ఉత్తరం చదివి ఆ పూటంతా నిన్ను తిట్టాను. పొయ్యి ముందు కూర్చుని గట్టిగానే తిట్టాను. మీ నాన్న రొట్టె నములుతూ విన్నాడు. సుకైనా మాత్రం, "అక్క అబద్ధం రాసిందా?" అని అడిగింది. దాని చెంప మీద కొడదామని చెయ్యెత్తి, దించేశాను.

ఆ అమ్మాయి ఎవరో నువ్వు అడగలేదు, నేను అడిగాను. బీహి మేస్త్రి కూతురు. తన చేత్తో కట్టిన దాన్లో తన పిల్ల సైకిలు పెట్టనివ్వలేదు ఆ మనిషి, వలీకి కోపం వస్తుందని. నేను వాళ్లింటికి వెళ్లాను. పిల్ల మోకాలు చెక్కుకుపోయి ఉంది, అంతే. దాని తల్లి గుమ్మంలోకి ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నీ కొడుకే కాపాడాడు లల్లా రుకైయా! లారీని ఆపింది ఆయనే!"

ఆయనట. నా ఇద్రీస్ ఆయన అయిపోయాడు. వాడికి లారీలు ఆపడం చేతనైతే తన కోసం ఆపుకోడా? నా దగ్గరికి రావడానికి ఆపుకోడా? ఆవిడ ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. దారి పొడవునా ఒకటే అనిపించింది. వీళ్లు ఇలాగే నమ్ముతుంటే పిల్లలు ఇలాగే పరిగెడతారు. ఏదో ఒక రోజు లారీ ఆగదు.

ఈ రోజు శుక్రవారం. తెల్లవారకముందే సుకైనా సైకిలు గొలుసు విప్పాను. కుస్కుస్ వండలేదు. దాన్ని ఎక్కనివ్వలేదు, నేనే తోసుకుంటూ వెళ్లాను, పిల్ల నా ముసుగు అంచు పట్టుకుని నడిచింది. గంట ఇంకా కొట్టలేదు. ఆడవాళ్లు అప్పటికే చేరి కూర్చున్నారు. పిల్లలు గోడ దగ్గర గుంపుగా నిలబడి చూస్తున్నారు. నేను వంపు కింద సైకిలు దూర్చగానే లల్లా ముబారకా లేచింది.

"ఎక్కడికే ఆ ఇనుము? వలీ దగ్గరికా? కళ్లు పోతాయి!"

"వలీ ఎవరు లల్లా? వీడు ఇద్రీస్. నీ దానిమ్మ కొమ్మ విరగ్గొట్టింది వీడే. నువ్వు ఆ ఏడు మేకని పట్టుకుని బాదావు."

"నా మేకనా!" అంది ఆవిడ. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

ఇంక నా నోరు ఆగలేదు తల్లీ. అన్నీ చెప్పేశాను. లెక్కల్లో గుండుసున్నా తెచ్చుకుని మీ నాన్న సంతకం తనే గీకిన సంగతి చెప్పాను. సీ జిలాలీ అక్కడే నిలబడి విన్నాడు. ఉపవాసం రోజు కోళ్లగూటి వెనక నారింజపండు తిని, తొక్కలు కోళ్లకి వేసి, అవే తిన్నాయని నా మీద ఒట్టేసిన సంగతి చెప్పాను. రాత్రి కాళ్లు కడుక్కోకుండా పడుకునేవాడని చెప్పాను. చీకటంటే భయమని కూడా చెప్పాను. "చీకటికి భయపడే పిల్లాడమ్మా, మీ జ్వరాలు వాడేం తగ్గిస్తాడు? వాణ్ణి అవన్నీ అడక్కండి" అన్నాను. మొదట నవ్వినవాళ్లు ఇప్పుడు ఏడుస్తున్నారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. అన్నాళ్లు అక్కడ కూర్చుని వాడు పక్కనే ఉన్నాడనుకున్నాను కదా, అక్కడ ఉన్నది ఎవరో మంచి పిల్లాడు, నాకు తెలియనివాడు. ఈ మాటలు చెబుతుంటే మన వెధవ, మన మురికికాళ్ల వెధవ వచ్చేసినట్టయింది.

మైనం సుకైనా గోటితో గీకింది. పీలికలు నేను విప్పాను. నువ్వు చెప్పినట్టే ఫ్రేముకీ చక్రానికీ కలిపి గొలుసు వేసి గొట్టానికి తాళం పెట్టాను. నిలబడి చూశాను, ఏ కిటికీలోంచి చూసినా కనబడుతుంది. నువ్వు నిజమే రాశావు. తర్వాత బీహి కూతురు కుంటుకుంటూ తన సైకిలు తెచ్చి పక్కన పెట్టింది. ఇంకొందరు తెచ్చారు. అందరూ తేలేదు, రోడ్డు గోడకి ఇంకా కొన్ని ఉన్నాయి. సోమవారం నుంచి గోడ దగ్గర పెట్టినవాళ్లని తరగతికి రానివ్వనని సీ జిలాలీ అరిచి చెప్పాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు ఇవాళే తెలిసింది. లల్లా ముబారకా ఒక్కర్తే వెళ్లిపోయింది, నాతో మాట్లాడలేదు. మేక కోసమో, దర్గా కోసమో తెలియదు.

పలక తీసేయమని బీహికి నేనే చెప్పాను. పన్ను పీకినట్టు మెల్లగా తీశాడు. దాన్ని పట్టుకెళ్లి వాడి సమాధి దగ్గర పెట్టి వచ్చాం. ఇంక శుక్రవారాలు అక్కడికే వెళ్తాను, అందరు తల్లుల్లాగే. మట్టే కనబడుతుంది. కనబడనీ.

సాయంత్రం సుకైనా మలుపు దగ్గర కనబడేదాకా గుమ్మంలో నిలబడ్డాను. కాళ్లు మొద్దుబారిపోయాయి. పిల్ల దిగి, "అమ్మా, నేను లెక్కల్లో వెనకబడిపోయాను" అని ఏడ్చింది. నాకు భయం పోలేదు కెల్లూ. రేపు కూడా పంపుతాను, రేపు కూడా ఇలాగే నిలబడతాను. భయం పోయాక పంపుదామంటే అది పోయేది కాదు.

ఆ రెండు బడులకి గీసేటప్పుడు పచ్చ రంగు వద్దు. బాగానే ఉండాలి, పిల్లలకి చూడగానే తమ సైకిలు పెట్టబుద్ధెయ్యాలి. ఏ రంగో నువ్వే చూసుకో, నాకు తెలియదు.

నువ్వు నా మీద కోప్పడ్డావని బాధపడకు. ఆ మాట ఇంకెవరూ నాతో అనరు, అందరికీ నన్ను చూస్తే జాలి. ఇక్కడ చలి మొదలైంది, అక్కడ సముద్రపు గాలి ఇంకా ఎక్కువ. పని ఉందని చల్లారిన రొట్టెతో పూట గడపకు. వేళకి వేడిగా వండుకుని కడుపునిండా తిను తల్లీ.